38 ఏళ్లకి యోగా మొదలుపెట్టాను, కాలి వేళ్లు అందడం లేదు

కుర్చీవాసి · జనవరి 6, రాత్రి 10:14

అందరికీ నమస్కారం. పొద్దున తొమ్మిదికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం ఏడింటికి లేచే ఉద్యోగం నాది. ఏడాదిగా నడుం కింది భాగంలో నొప్పి. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు, కాస్త ఒళ్లు కదపమన్నారు. జిమ్‌కి రెండుసార్లు డబ్బు కట్టి రెండుసార్లూ మానేసిన ఘనత నాది. ఈసారి యోగా చేద్దామని నిన్న ఫోన్‌లో ఒక వీడియో పెట్టుకుని నేల మీద కూర్చున్నాను.

అందులో ఒకావిడ కాళ్లు చాపుకుని, నవ్వుతూ, ముందుకి వంగి నుదురు మోకాళ్లకి ఆనించేసింది. నేను వంగితే నా చేతులు మోకాలిచిప్పలు దాటి జానెడు దూరం పోయి ఆగిపోయాయి. తొడల వెనక ఎవరో తాళ్లు బిగించి లాగుతున్నట్టు ఉంది. ఇంకొంచెం వంగుదామని ఊపిరి బిగబట్టి తోస్తే కళ్ల ముందు చుక్కలు కనిపించాయి. మా పాప గుమ్మంలో నిలబడి చూసి "నాన్నా, ఏమైనా పడిపోయిందా, వెతుక్కుంటున్నావా?" అంది.

అడగదలచుకున్నది ఒక్కటే. ఇంత బిగుసుకుపోయిన ఒంటికి యోగా పడుతుందా? లేక ముందు ఒళ్లు కాస్త సాగదీసుకుని తర్వాత మొదలుపెట్టాలా?

అరవైమూడు · జనవరి 6, రాత్రి 10:51

పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదు, పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు అన్నట్టుంది బాబూ మీ సంగతి.

నేను 58కి మొదలుపెట్టాను, రిటైరయ్యాక. మొదటి నెలంతా తాడాసనం, మార్జాలాసనం (చేతులూ మోకాళ్ల మీద పిల్లిలా ఉండి వీపు పైకీ కిందకీ వంచడం), శవాసనం (వెల్లకిలా కదలకుండా పడుకోవడం), అంతే. తాడాసనం అంటే నిటారుగా నిలబడటం. "దీనికి కూడా పేరు పెట్టారా" అని నవ్వుకున్నాను. తీరా నిలబడితే బరువంతా ఎడమ కాలి మీదే వేస్తున్నానని తెలిసింది. ఎన్నేళ్లుగా అలా నిలబడుతున్నానో!

ఆ వీడియో మార్చండి. నవ్వుతూ వంగేవాళ్లని చూసి నేర్చుకోకూడదు.

ఎముకలగూడు · జనవరి 7, ఉదయం 7:30

నేను ఫిజియోథెరపిస్టుని. ముందు ఒక ప్రశ్న. కాళ్లలోకి తిమ్మిరి దిగుతోందా? కాలు బలహీనంగా అనిపిస్తోందా? మూత్రం, విరేచనం మీద అదుపు తప్పుతోందా? వీటిలో ఏది ఉన్నా యోగా పక్కన పెట్టి వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అవేమీ లేకపోతే కింది మాటలు మీకోసం.

తొడ వెనక కండరాలు పైన మొదలయ్యేది మనం కూర్చున్నప్పుడు నేలకి ఒత్తుకునే ఎముక దగ్గర. అవి మోకాలు దాటి కిందకి అతుక్కుని ఉంటాయి. అవి బిగుతుగా ఉన్నవాళ్లు మోకాళ్లు నిటారుగా చాపి కూర్చోగానే కటి ఎముక వెనక్కి గుంజుకుపోతుంది. అప్పుడు వంగాల్సిన చోట వంగలేక నడుమే విల్లులా వంగుతుంది. ఇప్పటికే నొప్పి ఉన్న చోటే ఇంకా భారం పడుతుందన్నమాట.

కాబట్టి మోకాళ్లు వంచండి. సిగ్గుపడకుండా బాగా వంచండి. పిరుదుల కింద దుప్పటి మడత పెట్టుకుని కాస్త ఎత్తు మీద కూర్చోండి. పొట్ట తొడల వైపు వెళ్లాలి, తల మోకాళ్ల వైపు కాదు. తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో సంగతి. చేతులు పొట్టిగా, కాళ్లు పొడుగ్గా ఉన్నవాళ్లకి వేళ్లు అందడం ఎప్పుడూ కష్టమే. అది మీ తప్పూ కాదు, మీ కండరాల తప్పూ కాదు.

సందేహరావు · జనవరి 7, ఉదయం 9:12

అందరూ అలా ఉత్సాహపరిచేస్తున్నారు, బాగుంది. కానీ యోగాతో నడుం నొప్పి తగ్గుతుందనడానికి రుజువేమైనా ఉందా, లేక "మా బాబాయికి తగ్గింది" రకమేనా? నాకు యోగా అంటే పడదని కాదు. దానితో అన్ని రోగాలూ పోతాయని చెప్పేవాళ్లంటేనే పడదు.

ఎముకలగూడు · జనవరి 7, మధ్యాహ్నం 1:40

మీ సందేహం సరైనదే రావు గారూ. 2017లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ ఇచ్చిన మార్గదర్శకాల్లో, దీర్ఘకాలిక నడుం నొప్పికి మందుల కంటే ముందు చూడాల్సిన వాటిలో వ్యాయామం, తాయ్‌చీ (నెమ్మదిగా చేసే చైనా కసరత్తు)లతో పాటు యోగా కూడా ఉంది. అంటే వైద్యులు కాదనేదేమీ కాదు. అలాగని మంత్రం కూడా కాదు. వచ్చే లాభం ఓ మోస్తరుగా ఉంటుంది, మిగతా మంచి వ్యాయామాలతో వచ్చేదానికి దగ్గర్లోనే. నేను పేషంట్లకి చెప్పేది ఒకటే, మీరు మానకుండా చేయగలిగినదే మీకు మంచిది.

సందేహరావు · జనవరి 7, మధ్యాహ్నం 2:05

"ఓ మోస్తరు" అన్నందుకు ధన్యవాదాలు. ఈ మాట ఎవరి నోటా వినలేదు ఇంతవరకు.

కుర్చీవాసి · జనవరి 12, రాత్రి 9:48

తిమ్మిరి గట్రా ఏమీ లేవండి, నొప్పి నడుం దగ్గరే. దుప్పటి మడత మీద కూర్చుని, మోకాళ్లు వంచి చేశాను. విచిత్రంగా పొట్ట నిజంగానే తొడల వైపు వెళ్లింది!

రోజూ పదిహేను నిమిషాలు చేస్తున్నాను: మార్జాలాసనం, భుజంగాసనం (బోర్లా పడుకుని ఛాతీ ఎత్తడం), సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని, మోకాళ్లు వంచి నడుం పైకి ఎత్తడం), చివర శవాసనం. ఈ శవాసనమే నాకు అర్థం కావడం లేదు. అన్నిటికన్నా తేలిక అనుకున్నది ఇదే. పడుకున్న రెండో నిమిషంలో ముక్కు దురద. తర్వాత రేపటి మీటింగ్. తర్వాత పదేళ్ల కింద ఎవరితోనో అన్న మాట. పళ్లు గట్టిగా కరుచుకుని పడుకున్నానని మధ్యలో తెలిసింది. శవాలకి ఇంత టెన్షన్ ఉండదేమో.

అధోముఖ శ్వానాసనం (అరచేతులూ పాదాలూ నేలకి ఆనించి పిరుదులు పైకి ఎత్తడం) కూడా ప్రయత్నించాను. మణికట్లు పచ్చడైపోయాయి.

మణికట్టు బాధితురాలు · జనవరి 12, రాత్రి 10:20

హహ, నా పేరు చూశారుగా! అరచేతిలో మణికట్టు వైపు భాగం మీద బరువు పడేస్తుంటారు అందరూ. వేళ్లు విశాలంగా పరిచి, చూపుడు వేలూ బొటనవేలూ మొదలయ్యే చోట నేలని నొక్కండి. ఇక్కడ కూడా మోకాళ్లు వంచి, పిరుదులు వెనక్కీ పైకీ తోయండి. అప్పుడు బరువు కాళ్ల మీదకి పోతుంది. అప్పటికీ నొప్పిగా ఉంటే గోడకి అరచేతులు ఆనించి, నడుం దగ్గర వంగి నిలబడి చేసుకోండి. సాగేవి అవే భాగాలు, మణికట్లకి బాధ ఉండదు.

పాతపుస్తకం · జనవరి 13, ఉదయం 6:05

పక్కదారి పడుతున్నానంటే క్షమించండి. వేళ్లు అందడం గురించి ఇంత బెంగ దేనికని అడుగుతున్నాను. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి నేరుగా చెప్పినవి మూడంటే మూడే సూత్రాలు. మొదటిది "స్థిరసుఖమాసనమ్". కదలకుండా, హాయిగా ఉండేదే ఆసనం. ఆ తర్వాతది, ప్రయత్నంలోని బిగువు వదలమంటుంది. కాలివేళ్ల ప్రసక్తి ఎక్కడా లేదు.

15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక అనే యోగ గ్రంథంలో కూడా వర్ణించిన ఆసనాలు 15 మాత్రమే, వాటిలో సగానికి పైగా కూర్చుని చేసేవే. ఇప్పుడు మనం చూసే నిలబడి చేసే ఆసనాల వరసలు చాలావరకు 20వ శతాబ్దంలో స్థిరపడ్డవి. 1930లలో మైసూరు ప్యాలెస్‌లో కృష్ణమాచార్య నేర్పిన పద్ధతి నుంచే ఆయన శిష్యులు పట్టాభి జోయిస్, బి.కె.ఎస్. అయ్యంగార్ తలో దారీ వేశారు. సూర్య నమస్కారాలని వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసినవాడు ఔంధ్ సంస్థానం (ఇప్పటి మహారాష్ట్రలోది) రాజు భవన్‌రావు, అది 1920ల మాట.

సందేహరావు · జనవరి 13, ఉదయం 8:33

అయితే ఆ "ఐదువేల ఏళ్ల నాటి సూర్య నమస్కారాలు" అన్న వాట్సాప్ ఫార్వర్డ్...?

పాతపుస్తకం · జనవరి 13, ఉదయం 8:50

సూర్యుణ్ణి మొక్కడం పాతదే. పన్నెండు భంగిమల ఈ కసరత్తు వరస పాత హఠయోగ గ్రంథాల్లో కనిపించదు. కొత్తదైనంత మాత్రాన పనికిరానిదేం కాదు కదా.

కుర్చీవాసి గారికి ఇంకో మాట. అయ్యంగార్ చిన్నప్పుడు మలేరియా, టైఫాయిడ్, క్షయ అన్నీ పడి లేచిన మనిషి. ఇటుకలు, బెల్టులు, కుర్చీలు, దుప్పట్లు పెట్టుకుని ఆసనాలు వేయించే పద్ధతి ఆయన పేరుతోనే ప్రసిద్ధి. మీ దుప్పటి మడత వెనక అంత పరంపర ఉంది.

వెనక్కి చూడను · జనవరి 15, రాత్రి 11:02

ఇంతమంది మంచి చెబుతున్నారు కాబట్టి చెడు నేను చెప్తాను. మూడేళ్ల కింద ఒక క్లాసులో చేరాను. ఎక్కడో చెప్పను. రెండో వారం పశ్చిమోత్తానాసనంలో (కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగడం) ఉండగా మాస్టారు వెనక నుంచి వచ్చి నా వీపు మీద రెండు చేతులూ వేసి బరువు ఆనించారు. "వదిలెయ్, వదిలెయ్" అంటున్నారు. చుట్టూ పాతికమంది. వద్దు అనడానికి నోరు రాలేదు. సరిగ్గా కూర్చునే ఎముక దగ్గర చిన్నగా ఏదో "టక్" అన్నట్టయింది.

ఆ రోజు ఏమీ అనిపించలేదు. మర్నాటి నుంచి కారు సీట్లో కూర్చుంటే అక్కడ మేకు గుచ్చినట్టు ఉండేది. తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది. అందులో మొదటి రెండు నెలలు, "సాగదీస్తే పోతుంది" అనుకుని రోజూ సాగదీసి నేనే ఇంకా పెంచుకున్నాను.

యోగా మానలేదు. కానీ ఇప్పుడు ఏ క్లాసుకి వెళ్లినా మొదట్లోనే చెప్పేస్తాను, "సార్, నన్ను ముట్టుకోవద్దు, నోటితో చెప్పండి" అని. మంచి టీచరైతే వెంటనే ఒప్పుకుంటారు. మొహం మాడ్చుకుంటే అక్కడే చెప్పులు వేసుకుంటాను.

ఎముకలగూడు · జనవరి 15, రాత్రి 11:40

ఇది అందరూ చదవాలి. కండరం మధ్యలో సాగుతున్నట్టుంటే సరే. కీలు దగ్గర, ఎముకకి అతుక్కునే చోట గుచ్చినట్టు నొప్పి వస్తే ఆపేయండి. అక్కడ అయిన గాయాన్ని సాగదీయకూడదు. ముందు భారం తగ్గించి, ఆ తర్వాత మెల్లమెల్లగా బలం పెంచుకోవాలి.

ఒళ్లు మరీ ఎక్కువ వంగేవాళ్లు "నాకేం భయం లేదు" అనుకుంటారు. మోచేయి, మోకాలు వెనక్కి విల్లులా వంగే వాళ్లకి కీళ్ల మీద భారం ఇంకా ఎక్కువ. వాళ్లు చివరిదాకా పోకుండా కాస్త ముందే ఆగి, కండరం బిగించి నిలపాలి. గ్లాకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు) ఉన్నవాళ్లు శీర్షాసనం లాంటి తలకిందుల ఆసనాలు వేయకూడదు, కంట్లో ఒత్తిడి బాగా పెరుగుతుంది. బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు కపాలభాతి (పొట్ట లోపలికి కొడుతూ ఊపిరి వేగంగా వదలడం) జోలికి పోవద్దు.

రాత్రిపక్షి · జనవరి 16, రాత్రి 1:47

టైమ్ చూసి తిట్టకండి. నా సమస్య నిద్ర. ఆసనాలకి ఓపిక లేదు. ఊపిరితో ఏదైనా ఉందా?

అరవైమూడు · జనవరి 16, ఉదయం 5:20

ఉందమ్మా. గోడ పక్కన పడుకుని కాళ్లు గోడకి ఆనించి పైకి పెట్టు. విపరీత కరణి అంటారు. నడుం కింద పలచటి దిండు. ముక్కుతో పీల్చేటప్పుడు నాలుగు లెక్కపెట్టు, వదిలేటప్పుడు ఆరు. బలవంతం వద్దు, ఆయాసం వస్తే మూడు-నాలుగు చేసుకో. పది నిమిషాలు. ఫోన్ మాత్రం వేరే గదిలో పెట్టాలి. అదే ఈ ఆసనంలో అన్నిటికంటే కష్టమైన భాగం.

ఎముకలగూడు · జనవరి 16, ఉదయం 7:22

దీని వెనక కిటుకు కూడా చెప్తాను. ఊపిరి పీల్చినప్పుడు గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటుంది, వదిలినప్పుడు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదించే పని మెదడు నుంచి గుండెకి వచ్చే వేగస్ నరానిది. వదలడం పొడుగు చేస్తే ఆ నరానికి ఎక్కువ అవకాశం ఇచ్చినట్టు. పెద్దవాళ్లు మామూలుగా నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీస్తారు. పైన చెప్పిన నాలుగు-ఆరు లెక్క సెకన్లలో అయితే నిమిషానికి ఆరు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి, తేడా వేలికి తెలుస్తుంది.

సందేహరావు · జనవరి 16, రాత్రి 8:09

పట్టుకుని చూశాను. నిజమే. మా ఇంట్లో వాళ్లందరి నాడీ పట్టుకున్నాను ఇవాళ.

కుర్చీవాసి · జనవరి 27, రాత్రి 10:30

మూడు వారాలు. నిజం చెప్పాలంటే నాలుగు రోజులు ఎగ్గొట్టాను. నడుం నొప్పి తగ్గిందా అంటే, పొద్దున లేచినప్పటి బిగుతు కొంచెం తగ్గింది, సాయంత్రం నొప్పి అలానే ఉంది.

కానీ ఇవాళ ఆఫీసులో జరిగింది మీకు చెప్పాలి. మా మేనేజర్ నుంచి మెయిల్. నేను చేయని పొరపాటు నా నెత్తిన వేసి, పదిమందిని కాపీలో పెట్టి పంపారు. జవాబు టైప్ చేస్తున్నాను. రెండో పేరాలో ఉన్నప్పుడు తెలిసింది, నేను ఊపిరి తీసుకోవడం లేదు. ఛాతీ బిగిసిపోయి ఉంది, భుజాలు చెవుల దాకా వచ్చాయి, కింది దవడ రాయిలా ఉంది. మొదటి రోజు వేళ్లు అందుకోవాలని ఊపిరి బిగబట్టి తోశానే, అచ్చం అదే! రోజుకి ఎన్నిసార్లు ఇలా చేస్తున్నానో! ఇన్నేళ్లలో ఒక్కసారైనా గమనించలేదు.

చేతులు కీబోర్డు మీంచి తీసి, ఐదుసార్లు నెమ్మదిగా వదిలాను. మహా ప్రశాంతత ఏమీ రాలేదు, కోపం అలాగే ఉంది. కానీ రెండో పేరా చెరిపేశాను. అది పంపి ఉంటే ఇవాళ ఇంకో కథ చెప్పేవాణ్ణి.

పాతపుస్తకం · జనవరి 28, ఉదయం 5:58

"చలే వాతే చలం చిత్తం". ఊపిరి కదిలితే మనసు కదులుతుంది, అది నిలకడగా ఉంటే మనసూ నిలుస్తుంది. హఠయోగ ప్రదీపికలో ఉన్న మాట. నేను ఇరవై ఏళ్లుగా ఈ శ్లోకం అందరికీ అప్పజెబుతున్నాను. మెయిల్‌లో రెండో పేరా మాత్రం ఒక్కసారీ చెరపలేదు.

మణికట్టు బాధితురాలు · జనవరి 28, ఉదయం 9:40

పాతపుస్తకం గారూ 😄

సందేహరావు · ఫిబ్రవరి 2, ఉదయం 11:15

నేను కూడా మొదలుపెట్టాను, ఎవరితోనూ అనకండి. వృక్షాసనం దగ్గర కుడి కాలి మీద పది సెకన్లు నిలబడగలను, ఎడమ కాలి మీద రెండే. ఇంత తేడా ఎందుకు? ఇంకోటి, రోజూ యోగా చేస్తే నడక మానేయొచ్చా?

అరవైమూడు · ఫిబ్రవరి 2, మధ్యాహ్నం 12:40

సుస్వాగతం రావు గారూ. ఎదురుగా కదలని చుక్క ఒకటి చూసుకుని దాని మీద చూపు నిలపండి. పాదం తొడ మీదకి వద్దు, చీలమండ దగ్గర పెట్టండి, కాలివేళ్లు నేలకి తగిలినా ఫర్వాలేదు. మోకాలి పక్కన మాత్రం నొక్కకండి. గోడ దగ్గర నిలబడండి. నా వయసులో పడిపోకుండా ఉండటమే పెద్ద లాభం. ఇప్పుడు సాక్సు నిలబడే వేసుకుంటున్నాను.

ఎముకలగూడు · ఫిబ్రవరి 2, రాత్రి 9:05

రెండు కాళ్లకీ తేడా ఉండటం మామూలే. బలహీనమైన వైపు ముందు చేయండి. నడక మానకండి. వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నెమ్మదిగా చేసే ఆసనాలతో గుండెకి అంత పని దొరకదు. యోగా నడకకి తోడు, బదులు కాదు.

రాత్రిపక్షి · ఫిబ్రవరి 9, రాత్రి 11:10

టైమ్ గమనించగలరు. ఇంకా పదకొండే. వారంలో నాలుగు రోజులు పన్నెండులోపే నిద్రపోతున్నాను. మిగతా మూడు రోజులూ ఫోన్ ఈ గదిలోనే ఉంది, ఒప్పుకుంటున్నాను.

కుర్చీవాసి · మార్చి 30, రాత్రి 9:55

పన్నెండు వారాలు అయ్యాయి. లెక్క అప్పజెబుతాను.

నడుం నొప్పి పూర్తిగా పోలేదు. ఇదివరకు వారంలో ఐదారు రోజులు ఉండేది, ఇప్పుడు ఒకటి రెండు రోజులు. అది యోగా వల్లా, గంటకోసారి కుర్చీలోంచి లేవడం వల్లా అంటే చెప్పలేను. నడుం మాట్లాడటం మొదలుపెట్టాక లేవకుండా ఉండలేకపోతున్నాను మరి. సేతుబంధాసనంలో మొదట్లో ఐదు ఊపిరులకే తొడలు వణికేవి, ఇప్పుడు పది దాకా నిలుస్తున్నాను. శవాసనంలో మొన్న మొదటిసారి నిద్రపోయాను. అది తప్పంటారేమో తెలియదు గానీ నాకు మాత్రం పండగలా అనిపించింది.

మధ్యలో ఒక వారం అత్యుత్సాహంతో రోజుకి గంట చేసి మెడ పట్టేసింది. మళ్లీ పదిహేను నిమిషాలకి వచ్చాను.

మా పాప ఇప్పుడు నా పక్కన బాలాసనం (మోకాళ్ల మీద ముడుచుకుని నుదురు నేలకి ఆనించడం) వేసి, చూడకుండా నా ఊపిరి లెక్కపెడుతుంది. "నాన్నా, ఇప్పుడు వదల్లేదు నువ్వు" అని పట్టేస్తుంది.

ఇక అసలు ప్రశ్న. వేళ్లు ఇంకా అందలేదు. కాళ్లు నిటారుగా చాపితే నాలుగు వేళ్ల వెడల్పు దూరం ఉంది.

అరవైమూడు · మార్చి 30, రాత్రి 10:12

నాలుగు వేళ్లే కదా బాబూ. మోకాళ్లు వంచండి.